వేయని వార్తలకు సవరణ ఎక్కడ వేస్తారు?

సంపాదకులు గారికి నమస్కారం.

గత మంగళవారం మీ రెండో పేజీ అడుగున ఒక సవరణ చూశాను. ముందు రోజు ఫొటో కింద ఒకరి పేరుకు బదులు ఇంకొకరి పేరు పడిందని, అందుకు చింతిస్తున్నామని మూడు లైన్లు వేశారు. చదివి సంతోషించాను. తప్పు ఒప్పుకునే పత్రిక మీద నాకు గౌరవం. కానీ ఆ మూడు లైన్లు రెండు రోజులపాటు నన్ను వదల్లేదు. వేసినదాంట్లో తప్పుంటే మర్నాడు సవరణ వస్తుంది. వేయాల్సింది వేయకపోతే? దానికి ఏ పేజీలో, ఎన్ని లైన్లలో చింతిస్తాం?

బయట నిలబడి అడుగుతున్న ప్రశ్న కాదిది. ఒక దినపత్రిక డెస్కులో, అంటే వచ్చిన వార్తలు దిద్ది పేజీల్లో పెట్టే చోట, 27 ఏళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. అందులో ఎక్కువ భాగం నైట్ డ్యూటీ. రిటైరై ఆరేళ్లయింది. ఏ పత్రికో రాయడం లేదు. నేను చెప్పబోయే సంగతిలో తప్పు నాది.

ఏ వార్త వేయాలో పెద్దవాళ్లంతా కూర్చుని తూకం వేసి నిర్ణయిస్తారని చాలామంది పాఠకులు అనుకుంటారు. సాయంత్రం మీటింగ్ ఉండే మాట నిజమే. ఫస్ట్ పేజీ లీడ్ ఏది, బ్యానర్ ఏది అన్నది అక్కడే తేలుతుంది. ఆ నాలుగైదు వార్తలు పోగా మిగిలిన వందల కాపీల, అంటే రాసి పంపిన వార్తల, గతి డెస్కు మీద తేలుతుంది, అదీ ఒక్కోదానికి అర నిమిషంలో. ముందుగా యాడ్స్ విభాగం నుంచి డమ్మీ వస్తుంది. ఏ పేజీలో ఏ ప్రకటన ఎంత స్థలం తీసుకుంటుందో అందులో గీసి ఉంటుంది. వార్తలు మిగిలిన ఖాళీలో సర్దుకోవాలి. ఏజెన్సీ కాపీ, రిపోర్టర్ల కాపీ, కంట్రిబ్యూటర్లు పంపిన ఐటమ్స్ అన్నీ ఆ ఖాళీ కోసమే పోటీ పడతాయి. పదకొండు దాటాక ఇంకో యాడ్ వచ్చిందంటే, అప్పటికే పేజీలో కూర్చున్న ఐటమ్ లేచిపోవాలి. ఏది లేపాలి? గొడవ చేసేవాళ్లు లేని వార్తను. పొద్దున్నే ఎవరూ ఫోన్ చేసి 'మా వార్త ఏమైంది?' అని అడగని వార్తను. ఎక్కడా రాసి లేకపోయినా ఈ నియమం ప్రతి డెస్కుకూ తెలుసు.

దీని మీద నాకు బాగా గుర్తుండిపోయిన అధ్యయనం ఒకటుంది. 1949 ఫిబ్రవరిలో డేవిడ్ మానింగ్ వైట్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక చిన్న పత్రికలో ఏజెన్సీ వార్తలు చూసే ఎడిటర్‌ను ఒక కోరిక కోరాడు. వారం రోజులపాటు వేయని ప్రతి కాపీనీ దాచిపెట్టి, ఎందుకు వేయలేదో దాని మీదే రాయమన్నాడు. ఆ ఎడిటర్ అసలు పేరు బయటపెట్టకుండా 'మిస్టర్ గేట్స్' అని పిలిచాడు. వాకిట్లో నిలబడి ఎవరిని లోపలికి రానివ్వాలో నిర్ణయించే మనిషి కదా, అందుకని ఆ పేరు. 1950లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వచ్చిన వార్తల్లో పదింట తొమ్మిది వంతులు ఆయన పక్కన పెట్టేశాడు. కారణాలుగా 'స్థలం లేదు' అన్నది ఎన్నోసార్లు రాశాడు. 'ఆసక్తికరంగా లేదు' అన్నాడు. కొన్నిటి మీద 'ఇది ప్రచారం' అని రాశాడు. అవన్నీ ఒక మనిషి ఇష్టాయిష్టాలు, ఒక మనిషి అలసట. ఆ ఊరి పాఠకులకు మాత్రం ఆ వారం ప్రపంచమంటే ఆయన లోపలికి రానిచ్చిన ఆ పదో వంతే.

ఆ మిస్టర్ గేట్స్ అంటే నాకు గౌరవం. కారణాలు రాశాడు. మేం రాసేవాళ్లం కాదు. వద్దనుకున్న కాపీని టేబుల్ మీద నిలబెట్టిన మేకుకు గుచ్చేసి ఇంకోటి అందుకునేవాళ్లం. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, మేకు పోయింది. అప్పటినుంచి ఆ కాపీ కంటికి కూడా కనిపించేది కాదు.

ఇప్పుడు నా సంగతి.

మా పత్రికకు ఒక కంట్రిబ్యూటర్ ఉండేవారు. వయసులో నాకంటే పెద్ద. లైన్ అకౌంట్ మీద పనిచేసేవారు, అంటే అచ్చయిన లైన్లకే డబ్బు, పడని ఐటమ్‌కు ఏమీ రాదు. ఆయన ఒకసారి ఒక ఊరి గురించి పంపారు. ఆ ఊళ్లో తాగే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లల పళ్లు గోధుమ రంగుకు తిరుగుతున్నాయి, కాళ్లు వంకర పోతున్నాయి, నలభై ఏళ్లకే పెద్దవాళ్లు నడుం వంచలేకపోతున్నారు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుందని, ఆ బోరులో అంతకు ఎన్నో రెట్లు ఉందని పరీక్ష కాగితంతో సహా పంపారు. కాపీ శుభ్రంగా ఉంది. పక్కన పెట్టాను.

ఆయన ఫోన్ చేశారు. "మేడమ్, ఐటమ్ పంపించాను, చూశారా?"

"చూశానండీ. కానీ ఇందులో కొత్తేముంది? ఎప్పట్నుంచో ఉన్నదే కదా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే మేడమ్" అన్నారు.

మరుసటి ఏడాది మళ్లీ పంపారు, ఈసారి ఫొటోతో. పదేళ్ల కుర్రాడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మోకాళ్లు రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి, పాదాలు మాత్రం దూరంగా ఉన్నాయి. ఆ రోజు పేజీలో ఖాళీ ఉంది కూడా. నేనే వేయలేదు. 'ఇలాంటిది మొన్నెప్పుడో వేశాం' అనిపించింది. వేయలేదు నిజానికి. చదివాను కాబట్టి వేసినట్టు అనిపించింది. డెస్కులో పనిచేసేవాళ్లకు తరచూ జరిగే పొరపాటిది. మనకు పాతబడిన వార్త పాఠకుడికి ఇంకా చేరనే లేదని గుర్తుండదు.

మూడో ఏడాది కూడా పంపారు. ఆ రాత్రి ఏదో పెద్ద ప్రమాదం జరిగింది, మిగతా ఐటమ్స్ అన్నీ లేచిపోయాయి. దానికి నేను బాధపడను, ఎవరున్నా అదే చేస్తారు.

నాలుగో ఏడాది ఆ ఊరికి మంత్రి వెళ్లారు. వార్త పడింది, మూడు కాలమ్‌లు, ఫొటోతో. హెడ్డింగ్‌లో మంత్రి, ఫొటోలో మంత్రి. ఫొటో వెడల్పు సరిపోకపోతే అంచులు కత్తిరించి ఇచ్చింది నేనే. ఆ అంచున ముగ్గురు పిల్లలు నిలబడి ఉన్నారు. కాపీ పొడవు ఎక్కువైందని కింది పేరా కూడా తీసేశాను. మర్నాడు మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశారు. "ఐటమ్ పడింది మేడమ్, థాంక్స్" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

ఆ ఊరి పిల్లల కాళ్లు వంకర తిరగడానికి ఏళ్లు పట్టింది. ఫలానా రోజున ఇది జరిగింది అని చెప్పడానికి లేదు. దినపత్రికకు దినం కావాలి. నిన్న జరిగి ఇవాళ అచ్చయ్యేదే దానికి వార్త. ఈ సంగతిని నార్వే పరిశోధకులు యొహాన్ గాల్టుంగ్, మారి రూగె 1965లోనే వివరించారు. కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలను నార్వే పత్రికలు ఎలా రాశాయో చూసి, ఒక సంఘటన వార్త కావడానికి ఏయే లక్షణాలు ఉండాలో వాళ్లు విడదీశారు. అందులో మొదటిది ఇదే: పత్రిక వెలువడే వేగానికి ఆ సంఘటన జరిగే వేగం సరిపోవాలి. హత్యకు సరిపోతుంది. ఆనకట్ట తెగితే సరిపోతుంది. భూగర్భ జలం ఏటా కొంచెం కిందికి పోతుంటే, ఒక బడి పదేళ్లలో మెల్లగా ఖాళీ అవుతుంటే సరిపోదు. పెద్ద దేశాలు, పేరున్న మనుషులు, చెడ్డ కబుర్లు ముందుకొస్తాయని కూడా వాళ్లు చెప్పారు. మంత్రి వెళ్లాక కానీ ఆ ఊరు నా కంటికి ఎందుకు కనిపించలేదో నాకు అందులో దొరికింది. అయితే అది నా ఉద్యోగ జీవితం చివర్లో చదివాను.

ఇంకో లెక్క ఉంది, అది చదివినప్పుడు కాసేపు పేజీ తిప్పలేకపోయాను. థామస్ ఐసెన్సీ, డేవిడ్ స్ట్రోంబెర్గ్ అనే ఆర్థికవేత్తలు 1968 నుంచి 2002 వరకు ప్రపంచంలో జరిగిన సుమారు 5,000 ప్రకృతి విపత్తులను తీసుకుని, అమెరికా టీవీ వార్తల్లో ఏవి వచ్చాయో, ఏవి రాలేదో చూశారు. 2007లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, అగ్నిపర్వతం పేలి ఒకరు చనిపోతే వార్త అయ్యే అవకాశం ఎంత ఉంటుందో, తిండి లేక చనిపోయేవాళ్లకు అంత అవకాశం రావాలంటే దాదాపు 40,000 మంది పోవాలి. అగ్నిపర్వతానికి మంటలున్నాయి, బొమ్మ ఉంది, ఒక తేదీ ఉంది. ఆకలికి ఇవేవీ లేవు. ఒలింపిక్స్ జరిగే రోజుల్లో వచ్చిన విపత్తులు వార్తల్లోకి రావడం తగ్గిందని, వార్తల్లోకి రాని వాటికి అమెరికా ప్రభుత్వ సాయం అందడం కూడా తగ్గిందని తేల్చారు. అంటే 'స్థలం లేదు' అని డెస్కులో మేం తేలిగ్గా అనే మాట ఎక్కడో ఒక బియ్యం బస్తా చేరకపోవడం దాకా వెళ్తుంది.

ఏ రోజున జరిగిందన్నది కూడా వార్త తలరాతే. 1963 నవంబర్ 22న ఇంగ్లిష్ రచయితలు ఆల్డస్ హక్స్‌లీ, సీఎస్ లూయిస్ ఇద్దరూ కన్నుమూశారు. అదే రోజు కెనడీ హత్య జరిగింది. ఇంకే రోజున పోయినా వాళ్లకు దక్కే చోటు ఆ రోజు దక్కలేదు. దీనికి ఎవరినీ తప్పుపట్టలేం. మరి రోజు తప్పు కానివీ ఉన్నాయి. 2018 మార్చి 8న న్యూయార్క్ టైమ్స్ ఒక పని చేసింది. 1851లో పత్రిక పెట్టినప్పటినుంచి తాము వేసిన మరణ వార్తల్లో ఎక్కువ భాగం తెల్ల మగవాళ్లవేనని బాహాటంగా ఒప్పుకుని, అప్పట్లో వదిలేసిన స్త్రీల గురించి ఇప్పుడు రాయడం మొదలుపెట్టింది. ఇంగ్లిష్ నవలా రచయిత్రి షార్లెట్ బ్రాంటీ గురించి రాసింది, నల్లజాతి వారిపై మూకహత్యలను బయటపెట్టిన ఐడా బి. వెల్స్ గురించి రాసింది, మన మధుబాల గురించి కూడా రాసింది. బ్రాంటీ విషయంలో 160 ఏళ్లు దాటిన ఆలస్యం. అయినా నా దృష్టిలో ఒక పత్రిక వేసిన నిజమైన సవరణ అది.

ఇదంతా చదివి పత్రికలంటే నాకు నమ్మకం పోయిందనుకోకండి. నమ్మకం ఉంది కాబట్టే రాస్తున్నాను. 1943లో బెంగాల్ కరువు ముదిరాక, కలకత్తా స్టేట్స్‌మన్ పత్రిక ఎడిటర్ ఇయాన్ స్టీఫెన్స్ ఏం చేశారో మీకు తెలిసే ఉంటుంది. యుద్ధకాలం, కఠినమైన ఆంక్షలు. వీధుల్లో మనుషులు పడి చనిపోతున్నా ప్రభుత్వం కరువు అన్న మాటే ఒప్పుకోవడం లేదు. స్టేట్స్‌మన్ అప్పుడు బ్రిటిష్ వాళ్ల యాజమాన్యంలోని పత్రిక. నోరు మెదపకుండా ఉండడానికి ఆయనకు అన్ని కారణాలూ ఉన్నాయి. ఆంక్షల్లో ఫొటోల ప్రస్తావన లేదని గమనించి, ఆ ఆగస్టు 22న ఎముకల గూళ్లయిన మనుషుల ఫొటోలు అచ్చు వేశారు. తర్వాతి వారం మళ్లీ వేశారు. ప్రపంచం చూసింది, దాచడం ఇక కుదరలేదు. ఆ కరువులో పోయినవాళ్లు 20 నుంచి 30 లక్షల మంది ఉంటారని అంచనా. ఆయన వేసే నాటికే ఎంతోమంది పోయారు. ఆ ఫొటోలు కూడా మేకుకు గుచ్చి ఉంటే ఇంకెంతమంది పోయేవారో.

పెద్ద పత్రిక వద్దన్నది చిన్న పత్రికల చేతుల్లో బతికిన సందర్భమూ ఉంది. వియత్నాంలో 1968 మార్చిలో మై లాయ్ ఊళ్లో అమెరికా సైనికులు సామాన్యులను వందల్లో చంపిన సంగతిని అమెరికన్ విలేకరి సీమోర్ హెర్ష్ బయటికి తీసినప్పుడు లైఫ్, లుక్ అనే రెండు పెద్ద పత్రికలు వద్దన్నాయి. 1969 నవంబర్‌లో ఒక చిన్న వార్తాసంస్థ ద్వారా ఆయన దాన్ని వేరే పత్రికలకు పంపారు. కాదనే డెస్కు ఒకటైతే అవుననే డెస్కు ఇంకొకటి ఉండడమే అప్పుడు కాపాడింది. ఒకే ఒక్క పత్రిక వచ్చే చోట ఆ రెండో డెస్కు ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పటి డెస్కుల్లో ఇంకో టెన్షన్ వచ్చిందని, ఉద్యోగంలో ఉన్న పిల్లలు నాతో చెబుతుంటారు. ఏ వార్తను ఎంతమంది తెరిచారో నిమిష నిమిషానికి స్క్రీన్ మీద కనిపిస్తుందట. ఎక్కువమంది చూసిందే పైకి, మర్నాడు అలాంటిదే ఇంకొకటి. చూసేవాళ్లు చూపించినదాంట్లోంచే కదా ఎంచుకుంటారు? చూపించని దానికి లెక్క ఎక్కడినుంచి వస్తుంది? వార్తలు పడకపోతే జనం పట్టించుకోరన్నది ఊహ కాదు. 1968 అమెరికా ఎన్నికలప్పుడు అక్కడి చాపెల్ హిల్ అనే ఊళ్లో 100 మంది ఓటర్లను మాక్స్‌వెల్ మెకోంబ్స్, డొనాల్డ్ షా అనే పరిశోధకులు అడిగి చూశారు. ముఖ్యమైన సమస్యలని వాళ్లు చెప్పినవీ, ఆ రోజుల్లో వార్తల్లో ఎక్కువ చోటు దొరికినవీ దాదాపు ఒకటే.

సంపాదకులు గారూ, మిమ్మల్ని అడిగేది ఒక్కటే. వారానికి ఒక్క రోజు, సవరణ వేసే ఆ రెండో పేజీలోనే అర కాలమ్ కేటాయించండి. 'ఈ వారం మేం వేయలేకపోయినవి' అని పెట్టండి. అయిదారు ఐటమ్స్, ఒక్కోటి నాలుగు లైన్లు. వార్త ఏమిటి, ఎందుకు వేయలేదు. స్థలం లేకపోతే లేదని, నిర్ధారించుకోలేకపోతే అదే మాట, ఆలస్యంగా వస్తే అదే మాట. యాడ్ వచ్చి లేచిపోయి ఉంటే, ఆ మాట కూడా రాయండి. చదువరులు అర్థం చేసుకుంటారు, మీరనుకునేదానికంటే ఎక్కువగా.

ఇలాంటిది పత్రికలు పూర్తిగా ఎరగనిదేమీ కాదు. అమెరికాలో లూయీవిల్ పత్రిక 1967లోనే పాఠకుల తరఫున ఫిర్యాదులు వినడానికి ఒక మనిషిని పెట్టుకుంది. లండన్ గార్డియన్ 1997లో, మన హిందూ 2006లో రీడర్స్ ఎడిటర్లను పెట్టుకున్నాయి. వాళ్ల పనిలో ఎక్కువ భాగం అచ్చయినవాటి గురించే. అచ్చుకానివాటి కోసం 1976లో కాలిఫోర్నియాలో కార్ల్ జెన్సన్ అనే అధ్యాపకుడు విద్యార్థులతో కలిసి, పత్రికలు వదిలేసిన ముఖ్యమైన వార్తల జాబితాను ఏటా తయారుచేసే పని మొదలుపెట్టారు. అది బయటివాళ్లు చేసింది. పత్రికే తన పేజీలో చేసుకుంటే దాని విలువ వేరు.

దానివల్ల ఇంకో లాభం, నేను డెస్కులో ఉన్నదాన్ని కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను. వారం చివర కారణం రాయాలని తెలిస్తే, ఆ అర నిమిషంలో చెయ్యి ఒకసారి ఆగుతుంది. 'కొత్తేముంది?' అన్న మాట అచ్చులో నా పేరు పక్కన పడుతుందని తెలిసి ఉంటే, రెండో ఏడాది ఆ ఫొటో ముందు నేను ఆగేదాన్ని.

ఉత్తరం పెద్దదైంది. ఇందులో సగం కత్తిరించక తప్పదని నాకు తెలుసు, ఆ పని నేనూ చేసినదాన్నే. పరిశోధకుల పేర్లు తీసేయండి, నా ఉద్యోగం వివరాలు తీసేయండి, కావాలంటే నా ప్రతిపాదన కూడా రెండు లైన్లకు కుదించండి. కానీ అలవాటు ప్రకారం కింది నుంచి మాత్రం కత్తిరించకండి. నాలుగో ఏడాది ఆ కంట్రిబ్యూటర్ కాపీలో నేను తీసేసిన కింది పేరా ఇది. గోడకు ఆనుకుని నిలబడ్డ ఆ కుర్రాడికి ఒక తమ్ముడున్నాడు, ఏడేళ్లవాడు. ఆ పిల్లవాడు చెప్పిన మాటను ఆయన ఉన్నదున్నట్టు రాసి పంపారు:

"మా అన్న కాళ్లు కూడా ముందు నా కాళ్లలాగే ఉండేవంట. నేను రోజూ పొద్దున లేవగానే చూసుకుంటా."

ఇట్లు,
ఒక రిటైర్డ్ సబ్ ఎడిటర్